తగరం పోతకు లేజర్ అచ్చు

ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర యాదగిరిగుట్ట బస్సు కోసమో, వరంగల్ బస్సు కోసమో నిలబడేవాళ్లకు ఆ చుట్టుపక్కల గల్లీల్లో ఏ పని జరుగుతోందో చూసే తీరిక ఉండదు. హబ్సిగూడ నుంచి వచ్చే దారిలో సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ, సర్వే ఆఫ్ ఇండియా... అన్నీ దేశం ఎరిగిన సంస్థలే. వాటి ప్రహరీలు దాటి ఉప్పల్ పారిశ్రామికవాడలోకో, అటు మల్లాపూర్, నాచారం వైపో మళ్లితే వేరే ఊరికి వచ్చినట్టే ఉంటుంది. లేత్ మిషన్ల చప్పుడు, పౌడర్ కోటింగ్ వాసన, ట్రాలీ ఆటోల్లోకి ఎక్కుతున్న రేకులు. ఆ వరుసలోనే లేజర్ కటింగ్ అని బోర్డు పెట్టుకున్న షట్టర్లు కూడా ఉంటాయి. ఇంటి పేరు పలకలు, స్కూలు షీల్డులు, పెళ్లి మండపానికి పూల డిజైన్లు, ఫ్యాక్టరీలకు గాస్కెట్లు. వాళ్ల రోజువారీ బేరం అది. అదే మిషన్ మీద లోహం పోసుకునే అచ్చు కూడా కోయించుకోవచ్చు. ఇవాళ నేను చెప్పబోయేది ఆ సంగతే.

లోహం అన్నాను కదా అని ఇనుము, ఇత్తడి ఊహించుకోకండి. ఇది తగరం. తగరంలో కొద్దిగా యాంటిమొనీ, అంతకంటే కొద్దిగా రాగి కలిపితే వచ్చే మిశ్రమాన్ని ప్యూటర్ అంటారు. నూటికి తొంభై పాళ్లకు పైగా అందులో ఉండేది తగరమే. యాంటిమొనీ, రాగి దానికి గట్టితనం ఇస్తాయి.

తగరం 232 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. అల్యూమినియం కరగాలంటే 660 డిగ్రీలు కావాలి, ఇత్తడికి 900 దాటాలి. తమిళుల ఇళ్లలో చారు కాచే ఈయచెంబు చూసినవాళ్లకు ఈ తేడా వేరే చెప్పక్కర్లేదు. అది దాదాపు పూర్తిగా తగరమే. ముందు నీళ్లు పోసి, తర్వాతే పొయ్యి మీద పెట్టాలి. ఖాళీ చెంబు పెట్టి మరిచిపోతే చెంబు ఉండదు, పొయ్యి మీద వెండిలాంటి మడుగు ఒకటి మిగులుతుంది. మన ఊళ్లలో కళాయి పూసేవాళ్లు చేసేదీ ఇదే సూత్రం మీద. కాగిన ఇత్తడి గిన్నెలో నవాసారం చల్లి, తగరం కడ్డీ కొస అలా తాకించగానే కరిగిపోతుంది. దూదితో ఒక్క తుడుపు తుడిస్తే గిన్నె లోపలంతా తెల్లబడుతుంది.

చెక్క మాడి బొగ్గయ్యే వేడికి కాస్త ఇవతలే తగరం కరుగుతుంది. ఈ పనంతా ఆ కాస్త తేడా మీద నిలబడి ఉంది. కరిగిన తగరాన్ని చెక్కపొట్టు పలకలో పోస్తే పలక గోధుమరంగుకు తిరుగుతుంది, పొగ వస్తుంది, కానీ అంటుకోదు. సన్నని పోత క్షణాల్లో గడ్డకడుతుంది గనుక చెక్కను కాల్చేంత సేపు వేడి నిలవదు. చెక్కపొట్టు పలక అంటే మనం ఎండీఎఫ్ అంటున్నామే, అదే. కొత్త ఇళ్లలో అలమరాలకు వాడేది. 3 మిల్లీమీటర్ల మందం ఉన్న ఎండీఎఫ్ ఈ పనికి చక్కగా సరిపోతుంది.

ఇక లేజర్. ఈ షట్టర్లలో ఉండే మిషన్లు ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్ రకం. గాజు గొట్టంలో ఆ వాయువుకు నైట్రోజన్, హీలియం కలిపి నింపుతారు. కరెంటు పంపితే కంటికి కనిపించని పరారుణ కిరణం పుడుతుంది. అద్దాల మీద నుంచి మళ్లి, చివర ఒక కటకం కిందకు వచ్చేసరికి వెంట్రుక అంత సన్నని మొన అవుతుంది. ఈ రకం లేజర్‌ను 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టినవాడు మనవాడే, కుమార్ పటేల్. మహారాష్ట్రలోని బారామతిలో పుట్టి, పుణెలో ఇంజనీరింగ్ చదివి వెళ్లాడు. పేర్ల బోర్డులు కోసే మన గల్లీ మిషన్ల వెనక ఒక బారామతి కుర్రాడి బుర్ర ఉందని ఎంతమందికి తెలుసు?

చెక్క, యాక్రిలిక్, తోలు, కాగితం ఆ కిరణాన్ని ఇట్టే పీల్చుకుంటాయి కాబట్టి తెగుతాయి. లోహం దాన్ని తిప్పికొడుతుంది. రేకులు కోయడానికి ఫైబర్ లేజర్ అని వేరే మిషన్ ఉంటుంది. అది వేరే ధర, వేరే షెడ్డు. దాని అవసరమూ వస్తుంది, తర్వాత చెబుతాను.

అచ్చు కట్టడం చూద్దాం. మూడు పలకలు. నడిమి పలకలో మీకు కావాల్సిన బొమ్మ ఆకారం ఆరపార కోసి తీసేస్తారు. ఆ ఖాళీయే రేపు లోహం అవుతుంది. వెనకొక పలక, ముందొక పలక మూతలు. బొమ్మ నుంచి పై అంచు దాకా గరాటులా వెడల్పయ్యే దారి ఒకటి నడిమి పలకలోనే కోయాలి, లోహం పోయడానికి. బొమ్మలో లోహం చివరగా చేరే మూలల నుంచి పైకి వెంట్రుకలంత సన్నని గీతలు రెండు మూడు ఉండాలి, లోపలి గాలి పోవడానికి. అన్ని పలకల్లో ఒకే చోట రెండు రంధ్రాలు పెట్టి, మేకులు దిగేస్తే పలకలు పక్కకు జరగవు. ఆఫీసుల్లో కాగితాల కట్టలకు పెట్టే నల్ల క్లిప్పులు నాలుగు బిగిస్తే అచ్చు సిద్ధం.

చెప్పడానికి ఇంతే. కోయించడానికి వెళ్తే మాట వేరేగా ఉంటుంది.

“కోరల్ ఫైల్ ఉందా సార్? ఫోటో పంపిస్తే ట్రేసింగ్ చార్జి వేరే ఉంటది.”

మొదటి ప్రశ్న అదే. కోరల్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో వేసిన గీత బొమ్మ కావాలి వాళ్లకు, ఫోటో కాదు. కోయాల్సిన గీత ఒక రంగులో, చెక్కాల్సిన భాగం ఇంకో రంగులో వేసి ఇస్తే పని త్వరగా అవుతుంది. మిషన్ నడిచే సమయం లెక్కన డబ్బు తీసుకుంటారు గనుక, ఒకదాని మీద ఒకటి రెండుసార్లు పడ్డ గీతలు ముందే తుడుచుకుని వెళ్తే మీ జేబుకు మంచిది. కిరణం కూడా కాస్త మందం తింటుంది, సుమారు 0.2 మిల్లీమీటర్లు. బొమ్మ ఆ మేరకు ఉబ్బుతుంది. తాళంచెవి బిళ్లకు పట్టింపు లేదు, ఒకదానిలో ఒకటి దిగాల్సిన ముక్కలైతే లెక్క వేసుకోవాలి.

అసలు చిక్కు తెలుగు అక్షరాలతో వస్తుంది. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన భాగమూ ఇదే.

తాళంచెవి బిళ్ల మీద ఊరి పేరు వేయాలనుకోండి. ‘నాచారం’ అని ఆరపార కోయమన్నారు. రకారం గుండ్రం, దాని పక్కన సున్న. రెండింటి కడుపులోనూ ఒక్కో చెక్క బిళ్ల ఉంటుంది. కోత పూర్తి కాగానే ఆ బిళ్లలు రెండూ మిషన్ జాలీలోంచి జారి కింద పడతాయి. అవి లేకుండా పోత పోస్తే సున్న కాస్తా గుండు అవుతుంది. కాబట్టి వాటిని ఏరుకుని, వెనక పలక మీద సరిగ్గా తమ చోట్లో జిగురుతో అతికించాలి. ‘ఉప్పల్’ అయితే ఇంకో తంటా. పకారానికి తలకట్టు విడిగా ఉంటుంది, ఒంటిని తాకదు. కింద పావత్తూ విడిగానే ఉంటుంది. కాగితం మీద కన్ను వాటిని కలిపి చదువుకుంటుంది గానీ, తగరానికి అక్షరం తెలియదు. తలకట్టు ఒక ముక్కగా, ఒళ్లు ఒక ముక్కగా, వత్తు ఒక ముక్కగా రాలి మీ అరచేతిలోకి వస్తాయి. ఘ, ప, ష, స, హ... తలకట్టు విడిపోయే అక్షరాలన్నింటికీ ఇదే గతి. ఇంగ్లీషు పెద్దక్షరాలతో నేర్చుకుని వచ్చినవాళ్లు మొదట ఇక్కడే ఆగిపోతారు.

దీనికి రెండు దారులు. ఒకటి, తలకట్టుకూ ఒంటికీ మధ్య సన్నని వంతెన గీయడం. ఖతి తెలిసినవాడు గీస్తే అందంగానే ఉంటుంది, తెలియనివాడు గీస్తే ‘ప’ ఏదో వేరే లిపి అయిపోతుంది. రెండోది నా ఓటు పడే దారి. నడిమి పలకలో గుండ్రని బిళ్ల ఆకారం మాత్రమే కోయించి, అక్షరాలను వెనక పలకలో మిల్లీమీటరు లోతున చెక్కించడం. అప్పుడు బిళ్ల ఒకే ముక్కగా వస్తుంది, అక్షరాలు దాని మీద ఉబ్బెత్తుగా లేస్తాయి. విడిగా ఉన్న తలకట్టు కూడా తన చోట తాను కూర్చుంటుంది. ఒకటే షరతు, అక్షరాలను అద్దంలో చూసినట్టు తిరగేసి చెక్కాలి.

తిరగేసిన తెలుగును వేళ్లతో చదవగలిగిన మనుషులు మనకు ఉండేవారు, ప్రెస్సుల్లో కంపోజిటర్లు. వాళ్లు ఏరి పేర్చిన సీసపు అక్షరాలు ఈ మిశ్రమాల కుటుంబంలోవే. అచ్చక్షరాల లోహంలో ఎక్కువ భాగం సీసం, గట్టితనానికి యాంటిమొనీ, బాగా పారడానికి తగరం. వత్తులూ గుణింతాలూ ఉన్న తెలుగుకు ఇంగ్లీషు కంటే ఎన్నో రెట్లు గడులు కావాల్సి వచ్చేది. ఆఫ్‌సెట్ వచ్చాక ఆ కేసులు తుక్కు కింద పోయాయి. ఆ సీసం ముక్కలు ఇప్పటికీ ఎక్కడైనా దొరికితే దాచుకోండి, కానీ కరిగించి పిల్లల మెడలో వేసే బిళ్ల పోయొద్దు.

ఆ మాట ఎందుకన్నానంటే, తగరం కొనేటప్పుడు జనం పడే గుంట అదే. పూర్వకాలపు ప్యూటర్‌లో సీసం కలిపేవారు. ఇవాళ కలపకూడదు. కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ కొట్లలో టంకం వేసే కడ్డీలు తేలిగ్గా దొరుకుతాయి. తగరానికి సీసం కలిపితే ఇంకా తక్కువ వేడికే, 183 డిగ్రీలకే, కరుగుతుంది గనుక పని ఇంకా సులువనిపిస్తుంది. అవి టంకానికే. ఒంటి మీద పెట్టుకునేదానికి, నోట్లో పెట్టుకునే వయసు పిల్లల చేతికి వెళ్లేదానికి, తినే తాగే గిన్నెకు సీసం లేని తగరమే వాడాలి. ధర ఎక్కువే. నాలుగు సెంటీమీటర్ల వెడల్పు, మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న బిళ్లకు 27 గ్రాముల తగరం పడుతుంది. పోత చెడితే ఆ తగరం పోదు, ముక్కను మళ్లీ కరిగించడమే. శుద్ధమైన తగరానికి ఒక గుర్తు ఉంది. సన్నని కడ్డీని చెవి దగ్గర పెట్టుకుని వంచితే కరకరమని చప్పుడు చేస్తుంది. లోపలి స్ఫటికాల అమరిక ఒక్కసారిగా మారే చప్పుడు అది. సీసం వంగుతుంది గానీ నోరెత్తదు.

ఇక పోత. అచ్చు పలకలను ముందుగా ఎండలోనో పొయ్యి పక్కనో బాగా వెచ్చబెట్టాలి. ఎండీఎఫ్ గాలిలోని తేమను పీలుస్తుంది, మన వానాకాలంలో మరీ. చెమ్మ ఉన్న పలకలో 260 డిగ్రీల లోహం పడితే ఆ చెమ్మ ఒక్కసారిగా ఆవిరై కరిగిన లోహాన్ని పైకి చిమ్ముతుంది. కళ్లద్దాలు, తోలు చేతిగ్లౌజులు, పాదాలను పూర్తిగా మూసే బూట్లు లేకుండా ఈ పనికి దిగొద్దు. పక్కన నీళ్ల గ్లాసు కూడా పెట్టుకోవద్దు. లోహాన్ని చిన్న స్టీలు గిన్నెలో, దానికే కేటాయించిన గిన్నెలో, హాట్‌ప్లేటు మీద కరగబెట్టాలి. ఆ గిన్నె మళ్లీ వంటింట్లోకి రాకూడదు. కరుగుతుండగా పైన మసిబారిన తెట్టు తేలుతుంది. గరిటె అంచుతో దాన్ని పక్కకు నెడితే కింద నుంచి అద్దం లాంటి ముఖం బయటపడుతుంది. అందులో మీ ముఖం కనిపిస్తుంది. పుల్ల ఒకటి ముంచి తీస్తే పుల్ల గోధుమరంగుకు తిరగాలి. భగ్గుమంటే వేడి ఎక్కువైంది.

పోయడం మధ్యలో ఆపకూడదు. ఆగితే ఆగిన చోట అతుకు పడుతుంది, బిళ్ల అక్కడే విరుగుతుంది. ఒకే ధారగా, గరాటు నిండేదాకా పోయాలి. చల్లారేటప్పుడు లోహం కుంచించుకుంటుంది, గరాటులో ఉన్నది ఆ లోటు తీరుస్తుంది. గరాటు ముఖం మీద మెరుపు తగ్గి మసకబారడం కళ్లముందే జరుగుతుంది. మరో రెండు మూడు నిమిషాలు ఓపిక పట్టి క్లిప్పులు తీస్తే పలకలు విడిపోతాయి, కాలిన చెక్క వాసన, లోపల తెల్లటి బిళ్ల. వెనక పలకలో లేజర్ నడిచిన గీతలు వరుసగా బిళ్ల మీద దిగి ఉంటాయి. కొందరు వాటిని అరగదీస్తారు. నేనైతే ఉంచమంటాను. ఏ పనిముట్టుతో చేసిందో ఆ ముద్ర కనిపించడంలో తప్పేమీ లేదు. గరాటు తోకను రంపంతో కోసి, అంచులకు ఆకురాయి పెట్టి, సన్న గరుకు కాగితంతో రుద్దితే సరి.

కొద్ది పోతలయ్యాక అచ్చు అంచులు బొగ్గై, అక్షరాల పదును పోతుంది. అప్పుడు అదే ఫైలుతో ఇంకో పలక కోయించుకోవాలి. ఈ పద్ధతి బలం అందులోనే ఉందని నా అభిప్రాయం. ఇనుప అచ్చు చెక్కించాలంటే వేలల్లో ఖర్చు, వారాల్లో పని. గీత తప్పితే అంతా పోతుంది కాబట్టి ఎవరూ ప్రయోగం చేయరు, పాత డిజైనే మళ్లీ పోస్తారు. ఇక్కడ పోయేది జానెడు ఎండీఎఫ్ ముక్క. మధ్యాహ్నం పోసి చూసి, నచ్చకపోతే సాయంత్రానికి మార్చుకోవచ్చు. నచ్చిన డిజైన్ వందల్లో కావాలంటే అప్పుడు ఫైబర్ లేజర్ షెడ్డుకు వెళ్లి అదే ఫైలును అల్యూమినియం పలకల్లో కోయించాలి. అల్యూమినియం అచ్చు వేడిని గబగబా లాగేసుకుంటుంది, కాబట్టి ముందుగా బాగా కాచి పోయాలి. ఆ అచ్చు కాలిపోదు.

చేయకూడనివి రెండున్నాయి. యాక్రిలిక్ లేజర్ కింద గాజులా తెగుతుంది గనుక దానితోనే అచ్చు చేద్దామనిపిస్తుంది. వేడి లోహం తగలగానే మెత్తబడి వంకరపోతుంది. 3డి ప్రింటర్లో తీసిన మామూలు ప్లాస్టిక్ అచ్చు సంగతీ అంతే. రెండోది ఇంతకంటే ముఖ్యం. బోర్డులు చేసే చోట సన్‌బోర్డ్ అని తెల్లటి ఫోమ్ షీట్ ఉంటుంది, అది పీవీసీ. రెగ్జిన్ కూడా ఎక్కువగా పీవీసీయే. లేజర్ కింద పెడితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. మనిషి ఊపిరితిత్తులు ముందు, మిషన్ ఇనుప పట్టాలు తర్వాత పాడవుతాయి. కస్టమర్ ఎంత బతిమాలినా, ఈ ఒక్క ముక్కే కదా అన్నా, ఆపరేటర్ తమ్ముళ్లు ఒప్పుకోవద్దు.

ఇదంతా వింటూ కొందరు బిద్రీని తలుచుకుంటూ ఉంటారు. బీదర్‌లోనూ హైదరాబాద్‌లోనూ సాగుతున్న ఆ పనిలో లోహం జింకు, దానికి పదహారో వంతు రాగి. ఎర్రమన్నులో ఆముదం, గుగ్గిలం కలిపి అచ్చు కడతారు. జింకుకు 420 డిగ్రీలు కావాలి, కాబట్టి మన ఎండీఎఫ్ పలక అక్కడ పనికిరాదు. పోత తర్వాత చేత్తో చెక్కి వెండి తీగ దిగేయడం, కోట మన్నుతో నల్లబరచడం ఏ లేజర్ చేసేదీ కాదు. లేజర్ బిళ్లకు నల్ల రంగు పూసి బిద్రీ అని అమ్మే రోజు రాకూడదు. ఇదే వరంగల్ రోడ్డు మీద జనగామ దగ్గర పెంబర్తి ఉంది, రేకు మీద సుత్తీ ఉలీ ఆడించి దేవుళ్లను లేపే ఊరు. ఆ చేతిపనికీ దీనికీ పోటీ పెట్టక్కర్లేదు.

పోటీ పెట్టాల్సింది యాదగిరిగుట్ట దుకాణాల్లో అమ్మే యంత్రపు బిళ్లలతో. యాత్ర గుర్తుగా పోత బిళ్ల కొనడం కొత్తదేమీ కాదు. మధ్యయుగాల ఇంగ్లండులో కాంటర్‌బరీ యాత్రకు వెళ్లినవాళ్లు గుర్తుగా తగరం, సీసం కలిపి రాతి అచ్చులో పోసిన బిళ్లలు కొనుక్కుని టోపీకి కుట్టుకునేవారు. మ్యూజియాల్లో అవి ఇవాళ అపురూపం. కౌలాలంపూర్‌లో 1885లో ఒక చైనీయుడు మొదలుపెట్టిన ప్యూటర్ దుకాణం రాయల్ సెలంగర్ అనే పెద్ద కంపెనీ అయింది. మలేషియా వెళ్లిన మనవాళ్లు అక్కడి గ్లాసులు తెస్తుంటారు. ఆస్కార్ బొమ్మ కూడా చాలా ఏళ్ల పాటు బ్రిటానియా మెటల్ అనే ప్యూటర్ రకంతోనే పోసి బంగారు పూత పూశారు. 2009లో రెహమాన్ అందుకున్నది ఆ లోహమే. 2016 నుంచి కంచుకు మారారు. అందుకని 2023 మార్చిలో ‘నాటు నాటు’కు కీరవాణి, చంద్రబోస్ తెచ్చిన బొమ్మల్లో తగరం పెద్దపాలు కాదు. లోహం సంగతి పక్కన పెడితే, అవి తెలుగింటికి రావడమే గొప్ప.

అదే 2023 మార్చి 2న రాయదుర్గంలో టీ-వర్క్స్ తెరిచారు, నమూనాలు తయారుచేసుకునే ప్రభుత్వ కేంద్రం. లేజర్ మిషన్లతో పాటు ఇంకా చాలా ఉన్నాయక్కడ. ఉప్పల్ స్టేషన్‌లో మెట్రో ఎక్కితే రైలు మారకుండా రాయదుర్గం చేరతారు. మంచి చోటు, వెళ్లి చూడండి. అయితే ఒక తాళంచెవి బిళ్ల కోసం నగరం ఆ చివరికి వెళ్లాల్సిన పని లేదు. ఇంటి పక్క గల్లీలోనే మిషన్ ఉంది.

ఉప్పల్, నాచారం బడుల ఉపాధ్యాయులకు ఒక మాట. 2016 నుంచి కేంద్రం అటల్ టింకరింగ్ ల్యాబులు ఇస్తోంది. చాలా చోట్ల 3డి ప్రింటర్ ఒక బొమ్మ తీసి మూలన పడి ఉంటుంది. పిల్లల చేత వాళ్ల పేరు, వాళ్ల ముగ్గు, వాళ్ల బడి గుర్తు గీయించండి. గల్లీలో కోయించండి. పోత మాత్రం పెద్దవాళ్లే పోయాలి, ఆరుబయట, ఎండ రోజున. వర్క్‌షాపుల యజమానులు బేరం లేని వేళ మిగిలిపోయిన ఎండీఎఫ్ ముక్కలు బడులకు ఇస్తే అదే పెద్ద సాయం. తగరం కొనేటప్పుడు బిల్లు మీద సీసం లేనిది అని రాయించుకోవడం మరవకండి.